గెలిచిన ఓటును మళ్లీ అడగొచ్చా?

ప్రశ్న: మేడం గారూ, నేను కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉంటాను, మా క్లాసుకి సీఆర్‌ని (క్లాసు ప్రతినిధిని). మా కాలేజీ పొద్దున 10 నుంచి సాయంత్రం 4.30 దాకా. దాన్ని 8.30 నుంచి 1.30కి మార్చమని కొంతమంది అడిగారు. ప్రిన్సిపాల్ సార్ "మీలో మీరు తేల్చుకుని రండి, మెజారిటీ ఏదంటే అదే చేద్దాం" అన్నారు. మాకు ఎన్నికైన యూనియన్ లేదు. సార్ వాళ్లు పేర్లు రాసిన స్టూడెంట్ కౌన్సిల్ ఉంది. ఆ కౌన్సిల్ ప్రెసిడెంట్ ఒకరోజు రాత్రి 9 గంటలకు వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టాడు: "8.30 టు 1.30 కాలేజీ, మధ్యాహ్నం అంతా ఫ్రీ! ఓకేనా?" అని. మర్నాడు 10 గంటలకు లెక్క తీశాడు. అవును 171, కాదు 116. కాలేజీలో మొత్తం 600 మంది దాకా ఉంటాం. నేనూ అవుననే నొక్కాను. వచ్చే నెల నుంచి మార్పు అని నోటీసు వచ్చింది. తర్వాత తెలిసింది, జలదంకి, కలిగిరి వైపు నుంచి బస్సులో వచ్చే వాళ్లు 8.30కి అందుకోలేరని. నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ల ఊరికి మొదటి బస్సు 7.40కి. దిగి నడిచి వచ్చేసరికి 9 దాటుతుంది. మళ్లీ ఓటు పెట్టమంటే "ఓడిపోయాక రూల్స్ మారుస్తారా" అంటున్నారు. మా క్లాసులో ఎక్కువమంది 8.30కే మొగ్గు. మీటింగులో సీఆర్‌గా వాళ్ల మాట చెప్పాలా, నా మాట చెప్పాలా? ఒక విద్యార్థి సంఘం అన్న వచ్చి సోమవారం బంద్ పెడదామంటున్నాడు. నాన్నకి చెప్తే "ఆ రాజకీయాలు నీకెందుకు, చదువుకో" అన్నారు. ఏం చేయమంటారు?
(పేరు రాయొద్దు, కావలి)

సమాధానం:

అమ్మా, ముందు నీ అసలు ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. అడగొచ్చు. అడిగి తీరాలి. అడిగే హక్కు మీ కాలేజీలో అందరికంటే నీకే ఎక్కువ ఉంది, ఎందుకంటే నువ్వు గెలిచిన వైపు ఓటేశావు.

సభలు నడిపేవాళ్ల దగ్గర ఒక పాత కట్టుబాటు ఉంది. తీర్మానం అయిపోయిన విషయాన్ని మళ్లీ చర్చకి తేవాలంటే, గెలిచిన వైపు ఓటేసినవాళ్లలో ఒకరు లేచి అడగాలి. ఓడినవాళ్లు ప్రతి మీటింగులోనూ అదే విషయం తిరగదోడకుండా అది అడ్డుపడుతుంది. కొత్త సంగతి తెలిసి మనసు మారినవాళ్లకి మాత్రం దారి ఇస్తుంది. కాబట్టి "ఓడిపోయాక రూల్స్ మారుస్తారా" అన్నవాళ్లకి తడుముకోకుండా చెప్పు: "నేను ఓడిపోలేదు, గెలిచాను. ఆ రాత్రి నాకు తెలియని సంగతి ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా మాట్లాడకపోతే నా ఓటుకి అర్థం లేదు." నీలాగే అవును నొక్కి ఇప్పుడు ఇబ్బంది పడుతున్నవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లలో పదిమందిని కలుపుకో. ఆ పదిమంది సంతకాలతో వెళ్లే అర్జీకి, ఓడిన 116 మంది సంతకాలతో వెళ్లే అర్జీకన్నా ప్రిన్సిపాల్ దగ్గర బరువుంటుంది.

ఇక ఆ పోల్ సంగతి. నువ్వు రాసిన ప్రశ్న నేను రెండుమూడుసార్లు చదివాను. "మధ్యాహ్నం అంతా ఫ్రీ!" అని ఉంది. ఎవరికి ఏమొస్తుందో చెప్పింది గానీ ఎవరికి ఏం పోతుందో చెప్పలేదు. అదే ప్రశ్నని "బస్సులో వచ్చేవాళ్లు మొదటి గంట పోగొట్టుకున్నా సరే, కాలేజీ 8.30కే మొదలెట్టాలా?" అని రాసి ఉంటే 171 వచ్చేదా? అదీ సరైన ప్రశ్న కాదు, అదీ ఒక వైపుకి తోసేదే. కానీ మాట మారిస్తే లెక్క ఎంత మారుతుందో చూడు. ఓటింగ్‌లో అసలు అధికారం ప్రశ్న రాసేవాడిది. మీ కాలేజీలో ఆ ప్రశ్న ఒక్కడే కూర్చుని రాశాడు, ఒక్కరికీ ముందు చూపించలేదు.

ఆ ఒక్క వాక్యంలో తప్పు సమాచారం కూడా ఉంది. బీఎస్సీ వాళ్లకి మామూలుగా ప్రాక్టికల్స్ మధ్యాహ్నమే కదా. 1.30కి గంట కొట్టినా వాళ్లు ల్యాబులోనే ఉండాలి. ఆ ల్యాబుల్ని ఎక్కడ సర్దుతారో తేలకుండా "అంతా ఫ్రీ" అని ఎలా రాస్తారు? మరి 1.30కి వదిలేస్తే కలిగిరి వైపు తిరుగు బస్సు ఎన్నింటికి? సాయంత్రం బస్సే దిక్కయితే ఆ పిల్లలు మూడు గంటలు బస్టాండులో కూర్చోవాలి. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు లేకుండా వేసిన ఓటు, ధర తెలియకుండా కొన్న సరుకు.

ఎవరు ఓటేశారన్నది ఇంకో సంగతి. మీ గ్రూపులో పాసై వెళ్లిపోయిన సీనియర్లు ఉన్నారా? చాలా కాలేజీ గ్రూపుల్లో ఉంటారు, ఎవరూ తీసెయ్యరు. గ్రూపులో లేనివాళ్లు ఎంతమంది? పల్లెల్లో ఇంటికి ఒకే ఫోన్ ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, ఆ ఫోన్ రాత్రి 9 గంటలకు నాన్న దగ్గరో అన్న దగ్గరో ఉంటుంది. పొద్దున 10కి లెక్క తీశారంటే, బస్సు దిగి వచ్చి, క్లాసులో స్నేహితురాలి ఫోన్లో చూసే అవకాశం కూడా వాళ్లకి ఇవ్వలేదన్నమాట. మార్పు వల్ల ఎవరికి ఎక్కువ దెబ్బో వాళ్లే ఓటుకి దూరంగా ఉండిపోయారు. పైగా వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. హాస్టల్లో సీనియర్లు, కౌన్సిల్ వాళ్లు చూస్తూ ఉండగా మొదటి సంవత్సరం అమ్మాయి "కాదు" అని నొక్కగలదా? లెక్క కూడా కళ్లముందే పెరుగుతూ ఉంటుంది, ఎటు ఎక్కువుంటే అటు ఒరిగేవాళ్లు ఉంటారు. ఇంత జరిగినా 600 మందిలో అవునన్నది 171. మూడో వంతు కూడా లేదు. "మెజారిటీ" అన్న మాట ఆ నోటీసులో ఉంటే అది సరిచేయాల్సిన మాట.

పోల్ పెట్టిన ఆ కుర్రాడిని నేను తప్పుపట్టడం లేదు. అతనికి ఎవరు నేర్పారు గనక? మన రాష్ట్రంలో కాలేజీ యూనియన్ ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే 61వ రాజ్యాంగ సవరణ వచ్చి ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది, 1989 లోక్‌సభ ఎన్నికల్లో 18 ఏళ్లవాళ్లు మొదటిసారి ఓటేశారు. దేశం ఓటు చేతికిచ్చిన వయసులో, ఆ ఓటుని అభ్యాసం చేసే చోటు మాత్రం మూసుకుపోయింది. అప్పటి నుంచి కాలేజీకి వచ్చిన పిల్లలెవరూ నామినేషన్ పత్రం చూడలేదు, బ్యాలెట్ పెట్టె చూడలేదు, ఓడిపోయి మర్నాడు గెలిచినవాడితో కలిసి క్యాంటీన్లో టీ తాగడం చూడలేదు. ఈ లోటు గురించి నాకు చాలా బాధ ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు నీ పక్కన కూర్చునే అమ్మాయి విషయం. ఆమెకి పోయేది కాస్త నిద్ర, కాస్త సౌకర్యం అని చాలామంది అనుకుంటున్నారు. కాదు. రోజూ మొదటి గంట పోతే ఆ సబ్జెక్టు హాజరు ఏమవుతుంది? పరీక్షకి కూర్చోవాలంటే 75 శాతం హాజరు అడుగుతారు. తగ్గితే డాక్టరు సర్టిఫికెట్ అనీ, ఫైన్ కట్టమనీ తిప్పుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ హాజరు 75 శాతం ఉండాలి. అంటే 7.40 బస్సు పిల్లకి ఈ మార్పు చివరికి హాల్ టికెట్ దాకా, ఫీజు దాకా వెళుతుంది. హాస్టల్ పిల్లకి అదే మార్పు గంటన్నర ముందు నిద్రలేవడం. రెండు ఓట్లూ లెక్కలో ఒకటే, కానీ రెండు నష్టాలూ ఒకటి కావు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకి పల్లెవెలుగులో టికెట్ లేకుండా పోయింది, మంచిదే. అయితే టికెట్ లేనంత మాత్రాన బస్సు గంట ముందు రాదు కదా.

అందుకే నా పట్టుదల ఒకటుంది. కొన్ని విషయాలు ఓటుకి పెట్టాలి, కొన్ని పెట్టకూడదు. కల్చరల్ ఫెస్ట్ ఏ నెలలో, స్పోర్ట్స్ ఫండ్‌తో ముందు వాలీబాల్ కోర్టా క్యారమ్స్ బోర్డులా, మెస్‌లో ఆదివారం ఏం వండాలి, ఇవన్నీ హాయిగా ఓటుకి పెట్టండి. ఒక విద్యార్థి పరీక్ష రాసే హక్కుని, ఫీజు వచ్చే హక్కుని మిగతావాళ్ల చేతులెత్తుడు మీద పెట్టకూడదు. ఆడపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి మూయాలో మగపిల్లలతో ఓటేయించకూడదు. ఎవరైనా తప్పు చేశారా లేదా అన్నది ఓటుతో తేల్చకూడదు. వేళల మార్పు ఓటుకి పెట్టదగ్గ విషయమే, కానీ దానికి ముందే ప్రిన్సిపాల్ నోటితో ఒక హామీ రావాలి: ఏ వేళ గెలిచినా, బస్సు అందని ఊళ్ల పిల్లలకి మొదటి గంట హాజరు పోదు, బస్సు వేళ సర్దుబాటయ్యేదాకా ఆ గంటలో కీలకమైన క్లాసు పెట్టరు. ఈ హామీ కాగితం మీద ఉండాలి. అది లేకుండా రెండోసారి ఓటు పెట్టినా నేను ఒప్పుకోను, నువ్వూ ఒప్పుకోవద్దు.

అవతలివాళ్ల మాట కూడా విను. 8.30 కావాలన్న 171 మందినీ సోమరిపోతులని అనుకోవద్దు. మధ్యాహ్నం నుంచి మెడికల్ షాపులోనో, సెల్‌ఫోన్ షాపులోనో పనిచేసి ఇంటికి నాలుగు డబ్బులు పంపే పిల్లలు కావలిలో ఉంటారు. అల్లూరు, బోగోలు వైపు రొయ్యల గుంటల దగ్గర తండ్రికి సాయం వెళ్లేవాళ్లు ఉంటారు. బ్యాంకు పరీక్షలకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ తయారయ్యేవాళ్లకి సాయంత్రం కోచింగ్ ఉంటుంది. మార్చి దాటితే మన నెల్లూరు ఎండకి రెండు గంటల క్లాసులో ఎవరి బుర్రా పనిచేయదు. ఇవన్నీ నిజమైన కారణాలు. వాళ్లని ఓడించడం నీ పని కాదు. బస్సు పిల్లల బాధ వాళ్లకి, వాళ్ల అవసరం బస్సు పిల్లలకి ఎదురెదురుగా వినిపించడం నీ పని. నాకు తెలిసి మీ కాలేజీలో ఇంతవరకూ ఆ ఇద్దరూ ఈ విషయం మీద ఒక గదిలో కూర్చోలేదు.

మళ్లీ ఓటు పెడితే ఎలా పెట్టాలో చెప్తాను. ముందు ప్రిన్సిపాల్‌ని, లెక్చరర్లని అడగండి, నడపడానికి వీలయ్యే వేళలు ఏవేవి అని. నా అంచనాకి 8.30కీ 10కీ మధ్య ఒకటి తప్పకుండా ఉంటుంది, 9.30 నుంచి 3 గంటల దాకా అనుకుందాం. 7.40 బస్సు ఎక్కినవాళ్లు దానికి అందుకుంటారు. సాయంత్రం పని ఉన్నవాళ్లకి 3 గంటలకి విడుదల. ఆ పోల్‌లో ఈ దారి లేనే లేదు.

మూడు దారులు పెట్టినప్పుడు మామూలు ఓటింగ్ మోసం చేస్తుంది. ఉదాహరణకి 500 మంది ఓటేశారనుకో. 8.30కి 220, 9.30కి 150, 10కి 130. ఎక్కువ వచ్చింది 8.30కి, అదే గెలిచిందంటారు. కానీ 280 మంది దాన్ని కోరుకోలేదు కదా. దీనికి మందు మీ లెక్చరర్లకి బాగా తెలుసు. 2023 మార్చిలో ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో వాళ్లలో చాలామంది అదే పద్ధతిలో ఓటేసి ఉంటారు. ముద్ర వేయరు, పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేసి, ఆ బ్యాలెట్ల మీద 2 ఎవరికి ఉందో చూసి వాళ్లకి కలుపుతారు. మీ లెక్కలో 10ని తీసేస్తే, ఆ 130 మందిలో 115 మంది రెండో ప్రాధాన్యం 9.30కి, 15 మంది 8.30కి ఇచ్చారనుకో. అప్పుడు 9.30కి 265, 8.30కి 235. సగం మందికి పైగా సరే అనగలిగిన వేళ అది. లెక్కపెట్టడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది, పట్టనివ్వండి.

ఓటర్ల జాబితా వాట్సాప్ గ్రూపు కాదు, హాజరు పట్టీ. పట్టీలో పేరుంటే ఓటుంది, లేకపోతే లేదు. బ్యాలెట్ కాగితం మీద పేరు, రోల్ నంబరు ఉండకూడదు. ఇచ్చేటప్పుడు పట్టీలో టిక్కు పెడితే చాలు. ఒక బల్ల చుట్టూ అట్టముక్కలు నిలబెడితే చాటు అవుతుంది, పాత అట్టపెట్టె పైన గాటు పెట్టి కాగితం అంటిస్తే పెట్టె అవుతుంది. రోజంతా తెరిచి ఉంచండి, మధ్యాహ్నం ల్యాబు వాళ్లు కూడా వేస్తారు. లెక్కించేటప్పుడు ఒక లెక్చరర్, ఒక హాస్టల్ విద్యార్థి, ఒక బస్సు విద్యార్థి కూర్చోవాలి. పట్టీలో సగం మందైనా ఓటేయకపోతే పాత వేళే కొనసాగుతుందని ముందే రాసుకోండి, తర్వాత కాదు. ఏది గెలిచినా ఒక సెమిస్టర్‌కే అనీ, ఆ తర్వాత మళ్లీ చూస్తామనీ కూడా రాసుకోండి. ఓడినవాళ్లకి మళ్లీ అడిగే రోజు ఒకటి ఉందని తెలిస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యం ఓటుకి ముందు వారం. ప్రశ్న నోటీసు బోర్డు మీద ఉండాలి, రెండు వైపులవాళ్లూ చూసి "ఈ మాట బాగాలేదు" అంటే మార్చాలి. ప్రతి క్లాసులో అరగంట మాట్లాడుకోవాలి, ముందు బస్సు పిల్లలు, తర్వాత పనికి వెళ్లేవాళ్లు. నీ స్నేహితురాలు తన పొద్దుటి సంగతి తన నోటితో చెప్పాలి: ఎన్నింటికి లేస్తుంది, ఎవరు అన్నం కడతారు, బస్సు ఆగే చోటికి ఎంత నడుస్తుంది, బస్సు నిండిపోయి ఆపకుండా వెళ్లిన రోజు ఏం చేస్తుంది. నువ్వు ఆమె తరఫున చెప్పొద్దు. ఆమె సిగ్గుపడితే పక్కన నిలబడు.

సీఆర్‌గా ఎవరి మాట చెప్పాలని అడిగావు. రెండూ చెప్పాలి, కానీ కలిపెయ్యకుండా. మీటింగుకి వెళ్లే ముందు క్లాసులో చీటీల మీద లెక్క తీసుకో. "మా క్లాసులో 8.30కి ఇంతమంది, 9.30కి ఇంతమంది, 10కి ఇంతమంది. తక్కువమంది చెప్పిన కారణం ఇది" అని మొదట చెప్పు. ఆ కారణాన్ని ఒక్క ముక్క కూడా తగ్గించకుండా చెప్పు. తర్వాత ఆగి, "ఇక నా సొంత అభిప్రాయం ఇది" అని వేరుగా చెప్పు. క్లాసు లెక్కని నీ ఇష్టానికి వంచితే నిన్ను మళ్లీ ఎవరూ నమ్మరు. నీ అభిప్రాయాన్ని దాచుకుంటే నిన్ను సీఆర్‌గా పంపి ఉపయోగం లేదు, ఆ లెక్క కాగితం మీద రాసి పంపినా సరిపోయేది. క్లాసు నీకు చేతులు కట్టేసి "8.30కే వేయాలి" అని తీర్మానం చేస్తే 8.30కే వెయ్యి, వేశాక నీ అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో రాయించు.

బంద్ విషయానికి వస్తాను. ఆ అన్న దురుద్దేశంతో వచ్చాడని నేననను. స్కాలర్‌షిప్పుల కోసం, హాస్టళ్ల కోసం, బస్సు పాసుల కోసం విద్యార్థి సంఘాలు చేసిన పోరాటాలు నాకు తెలుసు. అర్జీ ఎలా రాయాలో, కలెక్టరేట్‌లో సోమవారం ఎవరిని కలవాలో వాళ్లకి తెలుసు. ఆ సాయం తీసుకోండి. కానీ సోమవారం బంద్ అని ఎవరు నిర్ణయించారు? మీ పట్టీలో పేరు లేని మనిషి, మీలో ఎవరినీ అడగకుండా. రాత్రి పోల్‌లో మీకు జరిగిన అన్యాయమే ఇందులోనూ ఉంది. ఆ బంద్ రోజు కూడా 7.40 బస్సు ఎక్కి వచ్చి, గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగేది నీ స్నేహితురాలే.

మీకు దగ్గర్లోనే ఉంది దూబగుంట, కలిగిరి మండలంలో. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అందరికీ రోశమ్మ గారి పేరు, సారా దుకాణం మూయించడం గుర్తుంటాయి. దానికి ముందు జరిగింది ఎక్కువమంది చెప్పుకోరు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటూ, పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు దీపం దగ్గర కూర్చుని ఒకరి ఇంటి గోడు ఒకరికి చెప్పుకున్నారు. ఆ మాటల్లోంచి పుట్టిన తీర్మానం గనకే ఊరూరా పాకింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా తెచ్చింది. మీరు మాట్లాడుకోకుండానే బంద్‌కి దూకొద్దని నా మాట. మాట్లాడుకుని, అర్జీ ఇచ్చి, గడువు పెట్టి, అయినా ఎవరూ పట్టించుకోకపోతే అప్పుడు ఏం చేయాలో మీరే కూర్చుని తేల్చుకోండి. దానికీ రహస్య ఓటే పెట్టండి. ఈలోగా ఇంకో దారి ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వడానికి చూడాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే అంబుడ్స్‌పర్సన్ (ఆ కమిటీ నిర్ణయం మీద అప్పీలు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. హాజరు పోయే ప్రమాదం గురించి ఆ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి.

మీ కౌన్సిల్ గురించి. సార్ వాళ్లు పేర్లు రాసిన కౌన్సిల్‌కి మీ తరఫున ప్రశ్న రాసే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన వేసిన కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆ సిఫార్సులను అమలు చేయమంది. మామూలుగా అన్ని కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ విద్యార్థి ప్రతినిధుల్ని ఎన్నికల ద్వారానే ఎంచుకోవాలని, నామినేట్ చేసే పద్ధతి ఉంటే అది తాత్కాలికంగానే ఉండాలని ఆ కమిటీ చెప్పింది. పెద్ద క్యాంపస్‌లకి క్లాసు ప్రతినిధులు కలిసి నాయకుల్ని ఎన్నుకునే పద్ధతి కూడా సూచించింది, మీలాంటి సీఆర్‌లున్న కాలేజీలో అది రేపే మొదలెట్టొచ్చు. అన్ని పదవులకీ కాకపోయినా ఒకదానికి యూజీసీ ఇప్పటికే గట్టిగా రాసింది: లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీలో కూర్చునే విద్యార్థుల్ని పారదర్శకంగా, ప్రజాస్వామ్యబద్ధంగా ఎన్నుకోవాలని 2015 నిబంధనల్లో ఉంది. మీ కాలేజీలో ఆ విద్యార్థి సభ్యులు ఎవరో, ఎవరు ఎన్నుకున్నారో కనుక్కో. వేళల గొడవ తేలాక మీరు అడగాల్సిన మొదటి ఎన్నిక అది.

నాన్నగారి మాటని కొట్టిపారేయొద్దు. ఆయన వయసువాళ్లకి యూనియన్ ఎన్నికలంటే సైకిల్ చైన్లు, జీపులు, కులం మీటింగులు, హాస్టల్ మీద రాళ్లు. ఆ భయం ఊహ కాదు, అవన్నీ జరిగాయి. లింగ్డో కమిటీ కూడా ఆ భయాన్ని చూసే నియమాలు రాసింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చువేసిన పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే. వాహనాలు, మైకులు వద్దు. 75 శాతం హాజరు ఉండాలి, పోటీ చేసే ఏడాది సబ్జెక్టులు తప్పి ఉండకూడదు. నామినేషన్ నుంచి ఫలితం దాకా పది రోజుల్లో ముగించాలి. కాలేజీ పట్టీలో లేనివాళ్లు ఎన్నికలో ఏ రకంగానూ పాల్గొనకూడదు. నాన్నగారికి ఇవి చదివి వినిపించు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థి యూనియన్ ఎన్నికలు సాగుతూనే ఉన్నాయని, అక్కడి పిల్లలు చదువుతూనే ఉన్నారని చెప్పు. ఆ తర్వాత నీ పక్కన కూర్చునే అమ్మాయి గురించి చెప్పు, హాజరు సంగతితో సహా. "చదువుకో" అనే కదా ఆయన అంటున్నది. ఆ అమ్మాయి చదువు ఆగిపోకుండా చూడటం గురించే నువ్వు మాట్లాడుతున్నావని తెలిస్తే ఆయన నీకు అడ్డురారని నా నమ్మకం. వచ్చినా సరే, ఎదురు తిరగొద్దు, మళ్లీ ఇంకో రోజు చెప్పు.

ఓటు ఎప్పుడు జరిగినా, ఈలోపు చేయాల్సిన పని ఒకటుంది. బస్సులో వచ్చేవాళ్ల పేర్లు ఊరి వారీగా, బస్సు ఆగే చోటు వారీగా ఒక కాగితం మీద రాయించు. ఎంతమంది ఎక్కడ ఎక్కుతారు, ఇప్పుడున్న మొదటి బస్సు ఎన్నింటికి, ఎంత ముందుకి జరిపితే అందుకుంటారు, అన్నీ రాయండి. ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర వేయించి కావలి డిపో మేనేజర్‌కి ఇవ్వండి. ఆ బస్సు వేరే డిపోదైతే ఎవరికి పంపాలో వాళ్లే చెప్తారు. అందినట్టు నకలు మీద ముద్ర కొట్టించుకోవడం మర్చిపోవద్దు. ఆ అర్జీ మీద బస్సు పిల్లల సంతకాలే కాదు, హాస్టల్ వాళ్లవి, ముఖ్యంగా అవును నొక్కిన కుర్రాళ్లవి కూడా ఉండాలి. మొదటి సంతకం కౌన్సిల్ ప్రెసిడెంట్‌ని అడుగు. పెడతాడనే అనుకుంటున్నాను.